రేకు పక్కా, పెంకు కచ్చా: ఈ లెక్క మార్చండి

మహారాష్ట్రలోని చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో ఇళ్ళ పథకాలు చూసే అధికారులకు, జిల్లా పరిషత్, నగర పరిషత్ పెద్దలకు

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను బల్లార్షాలో ఇళ్ళకు వైరింగ్ చేస్తుంటాను. మా బాపు మంథని దగ్గరి పల్లె నుంచి బొగ్గుబాయి పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను పుట్టింది, పెరిగింది ఇక్కడే. ఇంటి కప్పును పక్కా, కచ్చా అని తేల్చే సర్కారు లెక్క ఎండ వేడిని పట్టించుకోవడం లేదన్న ఈ సంగతే మరాఠీలో రెండు పేజీల నివేదన్‌గా, అంటే అర్జీగా, ఇదివరకే రాసి ఇచ్చాను. ముద్ర వేసిన కాపీ నా బ్యాగులో టెస్టర్ పక్కనే ఉంది. మళ్ళీ తెలుగులో ఎందుకంటే, ఇందులో తప్పు సర్కారుది ఒక్కదానిదే కాదు. ఇల్లు కట్టుకునే మనవాళ్ళదీ, కట్టే మేస్త్రీలదీ, సలహాలిచ్చే నాలాంటివాళ్ళదీ ఉంది. వాళ్ళు కూడా చదవాలి.

ఫ్యాన్ బిగించేవాడి తల కప్పుకు జానెడు దూరంలో ఉంటుంది. ఏప్రిల్ దాటాక మధ్యాహ్నం పూట రేకుల ఇంట్లో స్టూలు ఎక్కితే, కాలిన పెనం బోర్లించి దాని కింద తల పెట్టినట్టే. స్లాబ్ ఇంట్లో పగలు కాస్త నయం, కానీ రాత్రి పదింటికి ఎక్కి చూడండి. పొద్దంతా తాగిన వేడిని అప్పుడు కక్కుతుంటుంది. వైర్ల జాయింట్లు వేడెక్కాయేమో చూసుకోవడానికి నా దగ్గర ఒక టెంపరేచర్ గన్ ఉంది. రెండు మూడేళ్ళుగా స్విచ్ బోర్డుల కంటే కప్పులకే ఎక్కువ గురిపెడుతున్నాను. పోయిన మే నెలలో ఘుగ్గుస్‌లో ఒక రేకుల ఇంట్లో మధ్యాహ్నం రెండింటికి కప్పు లోపలి వైపు 57 డిగ్రీలు చూపించింది. (మెరిసే కొత్త రేకు మీద ఈ గన్ తప్పు చెప్తుంది. అది తుప్పు పట్టిన పాత రేకు, కాబట్టి నమ్మొచ్చు.) కింద చాప మీద ఏడాది నిండని పిల్ల తడిగుడ్డ కప్పుకుని పడుకుంది. నేను ఆ ఇంటికి వెళ్ళింది ఫ్యాన్ స్లోగా తిరుగుతోందంటే. కండెన్సర్ మార్చాను, బాగానే తిరిగింది. అయితే ఏమైంది, అదే వేడిగాలి ఇంకాస్త జోరుగా కిందికి వచ్చింది.

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని మనం అంటాం. అవే రోజుల్ని ఇక్కడివాళ్ళు నౌతపా అంటారు. ఏ పేరుతో పిలిచినా మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. చంద్రపూర్‌లో 46, 47 డిగ్రీలంటే ఇప్పుడెవరూ ఆశ్చర్యపోరు. ఆ ఊరి పక్కనే 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. కరెంటు ఇక్కడే పుడుతుంది, బూడిద ఇక్కడే రాలుతుంది, బిల్లు భయంతో అర్ధరాత్రి లేచి కూలర్ ఆపేసేవాళ్ళూ ఇక్కడే ఉన్నారు.

ఇక మా అక్క సంగతి. అక్కను సిరొంచ తాలూకాలో ఇచ్చాం. ప్రాణహిత అవతల తెలంగాణ, ఇవతల వీళ్ళు. ఊళ్ళో మాట తెలుగు, ఆఫీసులో కాగితం మరాఠీ. ఆమె అత్తగారి కాలం నాటి ఇంటికి మూరెడు మందం మట్టిగోడలు, పైన చేతితో చేసిన గూన పెంకులు. ఏటా వానలకు ముందు పెంకు సర్దించాలి. కోతులు ఒక్కసారి దండెత్తితే మళ్ళీ సర్దించాలి. సర్దే మనుషులు కూడా ఇప్పుడు దొరకడం లేదు. అందుకే సర్కారు ఇచ్చే ఘర్‌కుల్ ఇళ్ళ జాబితాలో పేరు రాగానే "కూల్చెయ్యి అక్కా, ఇంకెన్నాళ్ళు ఈ బాధ" అన్నది నేనే.

ఘర్‌కుల్ అని మనం పిలిచేది ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌ను. 2016లో మొదలైనప్పుడు మైదాన ప్రాంతంలో ఇంటికి లక్షా 20 వేలు, గడ్చిరోలి లాంటి జిల్లాల్లో లక్షా 30 వేలు అన్నారు. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. అప్పటి నుంచి ఇసుక, సిమెంటు, సలాక, మేస్త్రీ కూలి ఎక్కడికి పోయాయో మీకు చెప్పేంతవాణ్ణి కాను. పథకంలో కేంద్రం పెట్టిన అంకె మాత్రం అక్కడే కూర్చుంది. అక్కా బావా గోడలు లేపేసరికే చేతిలో డబ్బు అయిపోయింది. స్లాబ్ అనుకున్నది రేకులైంది.

ఇప్పుడు ఆ కొత్త గదిలో బియ్యం డ్రమ్ము, బీరువా, టీవీ ఉన్నాయి. మనుషులు ఉండరు. ఎండాకాలం పగలంతా పాత ఇంట్లో కూల్చకుండా మిగిల్చిన వంటసాలలో గడుపుతారు. దాని మీద ఇంకా గూన పెంకులే. పోయిన రోహిణిలో వెళ్ళినప్పుడు పది నిమిషాల తేడాతో రెండూ కొలిచాను. రేకు లోపలి వైపు 55, పెంకు లోపలి వైపు 41. అక్క నా చేతిలో గన్ తీసుకుని తనూ రెండుసార్లు నొక్కి చూసి, "మరి దీన్నెందుకురా కచ్చా అన్నరు?" అని అడిగింది.

జవాబు వెతికాను. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణనలో ఇంటి కప్పుల్ని రెండు రకాలు చేశారు. చేతితో చేసిన పెంకు కచ్చా. గడ్డి, ప్లాస్టిక్ కవరు కూడా దాంతోపాటు అదే గంపలో. మెషీన్ పెంకు, స్లాబ్, రేకు, సిమెంటు రేకు పక్కా. ఘర్‌కుల్ జాబితాకు మొదట్లో మూలం ఆ గణనే. ఇల్లు వానకు నిలుస్తుందా అని ఆ లెక్క అడుగుతుంది. ఎండకు నిలుస్తుందా అని అడగదు.

నేను పెంకుటిళ్ళ భక్తుణ్ణి కాను. తడిసి కూలిన మట్టిగోడలు చూశాను, పెంకుల సందుల్లోంచి తేళ్ళు రాలే ఇళ్ళలో వైరు లాగాను. స్లాబ్ ఇల్లు కావాలనే ఆశలో ఏ తప్పూ లేదు. కానీ ఇల్లు కట్టడానికి ఎంతయిందో చూసి అక్కడితో లెక్క మూసేయకండి. అందులో బతకడానికి నెలనెలా పెట్టే ఖర్చు కూడా ఆ ఇంటి ధరే.

ఆ లెక్క నాకు వచ్చిన విద్య. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు, రెండు ఫ్యాన్లకు 68. ఇనుప డబ్బా కూలర్ 180 వాట్లు అనుకుందాం, రోజుకు 14 గంటలు వేస్తే నెలకు 75 యూనిట్ల పైమాటే. ఈ మూడే 143 అయ్యాయి. ఫ్రిజ్జు, టీవీ, లైట్లు కలిస్తే 190 దగ్గరికి పోతుంది. అదే ఇంట్లో చలికాలం బిల్లు 60, 70 యూనిట్లు దాటదు. మన రాష్ట్రంలో ఇంటి కరెంటుకు మొదటి 100 యూనిట్లు ఒక ధర, ఆ పైన యూనిట్ ధర దాదాపు రెట్టింపు. అంటే కూలర్ తాగేదంతా రెట్టింపు ధర కరెంటే. పైగా దానికి రోజూ నాలుగైదు బిందెల నీళ్ళు. నల్లా రోజు విడిచి రోజు వచ్చే వార్డుల్లో ఆ నీళ్ళు ఎవరు మోస్తారో చెప్పనక్కరలేదు. ఇంతా చేసి ఆ కూలర్ పోరాడుతున్నది ఎక్కువగా నెత్తిమీది కప్పుతోనే. ఒక అంతస్తు ఇంట్లోకి వచ్చే వేడిలో పెద్ద వాటా పైనుంచే దిగుతుంది.

కిరాయి ఇళ్ళలో ఇంకో తిరకాసు ఉంది. ఒకే వరుసలో ఆరు గదులు కట్టి, పైన రేకులు వేసి, కార్మికులకు ఇచ్చే ఓనర్లు మన ఊళ్ళలో చాలామంది. ఆరు గదులకూ ఒకే మీటరు, లోపల సబ్ మీటర్లు. సబ్ మీటర్లు బిగించేది నేనే కాబట్టి చెప్తున్నాను: మీటరు ఒక్కటే కావడంతో మొదటి 100 యూనిట్ల చవక ధర ఆరు కుటుంబాల్లో ఏ ఒక్కదానికీ పూర్తిగా దక్కదు. యూనిట్‌కు 12 రూపాయలు లెక్కగట్టి వసూలు చేస్తారు. గది కిరాయి రెండున్నర వేలు, మే నెల కరెంటుకు దాదాపు అంతే. కప్పు మీద సున్నం వేయించమంటే ఓనరు "నాకేం లాభం?" అంటాడు. ఆయన మాటా నిజమే. ఇల్లు ఆయనది, బిల్లు వాళ్ళది.

దీనికి నియమం లేదా అంటే ఉంది. 2018లో కేంద్రం ఎకో నివాస్ సంహిత అని ఒక కోడ్ తెచ్చింది. కప్పు లోపలికి ఎంత వేడిని రానివ్వొచ్చో అందులో హద్దు పెట్టారు, లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 1.2 వాట్లు. మనం వేసే వట్టి స్లాబ్ అంతకు రెండింతలకు పైనే రానిస్తుంది. రేకు సంగతి అడగొద్దు. మంచి కోడే, కానీ 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న ప్లాట్ల కోసం రాసింది. ప్రాణహిత దాటితే తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చారు. అక్కడా సర్కారు భవనాలకు, దుకాణాలకు, ఆఫీసులకు, 600 గజాలు దాటిన ఇళ్ళకే తప్పనిసరి, చిన్న ఇంటికి ఇష్టముంటే సరి. ఏసీ కొనగలిగినవాడి కప్పుకు నియమం పెట్టి, ఫ్యాన్ తప్ప దిక్కులేనివాడి కప్పును వదిలేశారు. (అవతలి ఒడ్డున ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తున్నారని అక్క ప్రతిసారీ గుర్తు చేస్తుంది. ఆ గొడవలోకి నేను పోను.)

ఏం చేస్తే పని అవుతుందో, ఏం చేస్తే కాదో నాకు తెలిసినంత చెప్తాను.

మా ఇంటి స్లాబ్ 320 చదరపు అడుగులు. సున్నం, తెల్ల సిమెంటు, పట్టు కోసం కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేశాం. నేనూ మా ఆవిడా ఒక ఆదివారం పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదింటికి ముగించాం. సరుకుకు 1,300 రూపాయలైంది. లోపలి వైపు మధ్యాహ్నం 46 ఉండేది 40కి దిగింది. తేడా అసలు తెలిసింది రాత్రి. కూలర్ పొద్దుపోయేదాకా వేసేవాళ్ళం, ఆ ఏడాది తొమ్మిదింటికే ఆపేశాం. కానీ దాచకుండా చెప్పాలి. ఒక్క వానాకాలానికే పూత సగం పోయింది, మిగిలింది నాచు పట్టి నల్లబడింది. బొగ్గు దుమ్ము పడే ఊళ్ళో తెలుపు ఎన్నాళ్ళు తెల్లగా ఉంటుంది? ఏటా హోలీ వెళ్ళగానే మళ్ళీ వేయాల్సిందే. దుకాణాల్లో దొరికే కూల్ రూఫ్ పెయింట్ మరికొన్నేళ్ళు ఆగుతుంది గానీ, ఖరీదు అనేక రెట్లు.

రేకుల ఇళ్ళకు సున్నం త్వరగా రాలిపోతుంది. అందుకని చాలామంది లోపల థర్మకోల్ షీట్లు కొట్టించుకుంటున్నారు. వాటి మీదుగా వైర్లు లాగమంటారు. నేను ఆ పని ఒప్పుకోను. ఒక్క నిప్పురవ్వ చాలు. దానికి బదులు వెదురు తడకను రేకుకు జానెడు కిందగా కట్టి, రెండు చివర్లా గాలి పోయే సందు వదిలితే బాగా పనిచేస్తుంది. వెదురు కూడా అంటుకునేదే, కాబట్టి వైర్లు తడక మీద పడకుండా గోడ వెంట పైపులో పోవాలి. ఈ రెండు జిల్లాల్లో వెదురుకు కొదవ లేదు. చంద్రపూర్ దగ్గర చిచ్‌పల్లిలో వెదురు పరిశోధన, శిక్షణ కేంద్రమే ఉంది. మన మేదరివాళ్ళకు తడక అల్లడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఏడాదికోసారి పెళ్ళిళ్ళకు గంపలు, చాటలు తప్ప వాళ్ళ దగ్గర కొనేవాళ్ళే లేరు.

కొత్తగా కట్టే గోడకు ఒక పద్ధతి ఉంది. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ బాగా వాడుకలోకి తెచ్చాడు. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి పేరుస్తారు, గోడ మధ్యలో ఖాళీ మిగులుతుంది. దాదాపు నాలుగో వంతు ఇటుక కలిసొస్తుంది, సిమెంటు మాలు కూడా తక్కువ పడుతుంది, ఆ ఖాళీలోని గాలి వేడిని అడ్డుకుంటుంది. ఇంగ్లీషులో దాని పేరుకు అర్థం ఎలుకబోను. ఆ పేరే కొంప ముంచింది. మా మేస్త్రీలకు చెప్తే "గోడలో ఎలుకలు కాపురం పెడతయి అన్నా" అని నవ్వుతారు. ఒక అంతస్తు ఇంటికి బ్రహ్మాండంగా సరిపోయే గోడ అది. నా స్వార్థం కూడా చెప్పేస్తాను, పైపు ఆ ఖాళీలోంచే పోతుంది కాబట్టి గోడ చెక్కే పని నాకు తప్పుతుంది.

బూడిద ఇటుక గురించి గొప్పలు చాలా విన్నాను. అది వేడిని ఆపుతుందని నేను చెప్పను, ఎర్ర ఇటుకకూ దానికీ ఆ విషయంలో పెద్ద తేడా లేదు. కానీ సైజు సమానంగా వస్తుంది, మాలు ఆదా అవుతుంది. థర్మల్ కేంద్రాలకు 50 కిలోమీటర్లలోపు ఇటుక బట్టీలు బూడిద కలపాలని 1999లోనే కేంద్రం చెప్పింది. తర్వాత ఆ పరిధి 100కు, ఆపైన 300 కిలోమీటర్లకు పెరిగింది. మన జిల్లాలో బూడిద మన బట్టల మీద ఉచితంగా పడుతుంది, ఇటుకైతే డబ్బు పెట్టి కొనాలి. ఘర్‌కుల్ కాగితం చూపించినవాడికి ధర తగ్గించేలా మీరు మాట్లాడగలరు.

ఫ్యాన్ల మాట కూడా. కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ (బ్రష్ లేని డీసీ మోటారు) ఫ్యాన్ 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. పైన చెప్పిన 68 యూనిట్లు 27 అవుతాయి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్ల మీద స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. అయినా ఘర్‌కుల్ గృహప్రవేశానికి బంధువులు తెచ్చేది సంతలో దొరికే అతి చవక ఫ్యానే.

2025లో రాష్ట్రం ఘర్‌కుల్‌కు మరో 50 వేలు ప్రకటించింది, అందులో కొంత సోలార్‌కని. సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు కేంద్రం 30 వేలు రాయితీ ఇస్తోంది. సోలార్ వద్దని నేనెందుకంటాను, బిగించేది మేమే, నాలుగు రాళ్ళు మాకే వస్తాయి. ప్యానెల్ నీడ పడినంత మేర కప్పు చల్లబడుతుంది కూడా. కానీ ఒక కిలోవాట్ నీడ ఐదారు చదరపు మీటర్లు. మిగతా రేకు కాలుతుంటే, పైన పుట్టిన కరెంటుతో కింద కూలర్ తిప్పడం చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే. ముందు కుండకు చిల్లి పూడ్చనివ్వండి.

నేను అడిగేవి పెద్దవి కావు. చివరి విడత బిల్లుకు ముందు ఇంటి ముందర మనిషిని నిలబెట్టి, ఎక్కడ తీశారో నమోదయ్యే జియో ట్యాగ్ ఫోటో తీస్తున్నారు కదా, కప్పు ఫోటో కూడా ఒకటి తీయండి. స్లాబ్ అయితే తెల్ల పూత, రేకైతే లోపల తడక ఉండాలని పెట్టండి. అయితే దానికి డబ్బు వేరే ఇవ్వండి. ఆ లక్షా ముప్పై వేలలోంచే తీయమంటే జనం నన్ను తిడతారు, తిట్టాల్సిందే. రేకుకు తడక, స్లాబ్‌కు సున్నం ఎంతవుతుందో ఒక మేదరిని, ఒక మేస్త్రీని కూర్చోబెట్టి అరగంటలో తేల్చొచ్చు, ఎస్టిమేట్ నేను రాసిస్తాను.

పాత ఇళ్ళను బాగుచేసుకోవడానికి ఒక పద్దు పెట్టండి. పాత ఇందిరా ఆవాస్ యోజనలో కచ్చా ఇంటిని మెరుగుపరచుకునేందుకు కొంత సాయం ఉండేది. ఇప్పుడు కొత్తది కడితేనే డబ్బు. అక్క ఇంటికి గోడల అడుగున రాయి కట్టి, పైన గూన తీసి మెషీన్ పెంకు వేసి, కోతులు రాకుండా జాలీ బిగించి ఉంటే వానకూ ఎండకూ నిలిచేది, మీ లెక్కలో పక్కా కూడా అయ్యేది. ఆ దారి కాగితం మీద లేదు, నాకూ తోచలేదు.

కిరాయి గదుల ఓనర్లను బెదిరిస్తే కిరాయి పెంచుతారు. ఘర్‌పట్టీలో, అంటే ఇంటి పన్నులో, కాస్త తగ్గించి చూడండి. పుణెలో సోలార్ పెట్టుకున్నవాళ్ళకు అలాగే రాయితీ ఇస్తున్నారు. తెల్ల కప్పుకు, గది గదికీ వేరే మీటరుకు కూడా ఇవ్వొచ్చు. ఇక అంగన్‌వాడీల కప్పులకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, అవి మీవే. వచ్చే మార్చిలో మొదలుపెట్టొచ్చు.

రోహిణీ కార్తె మొదలైన వారంలో మీలో ఒక్కరు, ఏసీ బండి దిగి, మధ్యాహ్నం రెండింటికి నాతో రండి. బల్లార్షాలో పదిళ్ళు తిరుగుదాం, గన్ మీ చేతికే ఇస్తాను. ఒకరోజు సిరొంచ దాకా రాగలిగితే ఇంకా మంచిది. అక్క మజ్జిగ ఇస్తుంది. కొత్త గది తలుపు తీసి చూపిస్తుంది గానీ, పీట మాత్రం వంటసాలలోనే వేస్తుంది.

ఇట్లు,
బల్లార్షా నుంచి ఒక వైర్‌మన్